వెంకటపతి గిటారుకు పెట్టిన మైకు

మద్రాసు సౌకార్‌పేటలో వెంకటపతి ఇత్తడి సామాన్ల అంగడి తెలియనివాళ్లు లేరు. ఆయన గిటారు విన్నవాళ్లు మాత్రం ఒక్కరూ లేరు. అలాగని ఆయన దాచుకుని వాయించేవాడు కాదు, ముప్పయ్యేళ్లుగా పాతకాలపు జాజ్ బృందంతో వేదికలెక్కుతున్నవాడే. ఇదేం చోద్యమంటారా? ఆ చోద్యంతోనే కాపురం చేస్తున్న ఆయన భార్య కోకిలను అడగండి.

రోజూ పొద్దున్నే, అంగడి తెరవకముందు, వంటింటి పక్కన స్టూలు వేసుకుని కూర్చుంటాడు. రాగమా, పాటా, ఏమీ లేదు. చక్, చక్, చక్, చక్. ఎడమచేతి వేళ్లు తీగలను నొక్కీ నొక్కకముందే సడలిస్తాడు, మోగబోయిన తీగ అక్కడికక్కడే ఆగిపోతుంది. కోకిల చెవికి అది అచ్చం తను బీన్సు తరిగే చప్పుడే.

"మీకు ఒక పాటన్నా రాదా అండీ?" అంటుంది.

"ట్రంపెట్టు పాడతాది, క్లారినెట్టు పాడతాది. వాళ్లు నడిచేదానికి నేల కావల్ల గదా? నేను నేల" అని నవ్వుతాడు. "పెరంబూరులో మా మాస్టరు చెప్తా ఉండె. నీ గిటారు విడిగా వినపడిందా, నువ్వు తప్పు చేసినట్టే అని."

చేతకానివాడికి సాకులెక్కువ అనుకునేది కోకిల.

కూతురు శ్రుతి రిసెప్షన్‌కు ఆ బృందమే వాయించాలని నిశ్చయమైంది. కోకిల ఊరుకోక పుట్టింటివాళ్లందరికీ చాటింది, మా ఆయన గిటారు వినేదానికి రండి అని. ఆమె అన్న వరదయ్య నోరు అసలే మంచిది కాదు. "బావ చేతిలో ఉండేది గిటారా, విసనకర్రా?" అని ఏళ్ల తరబడి ఎగతాళి. ఈ ఒక్క సాయంత్రం ఆ నోరు మూయించకపోతే ఇక పుట్టింట్లో తలెత్తుకోలేనని ఆమె బెంగ.

అందుకే మైకుసెట్టు గిరిని పక్కకు పిలిచింది. "అయ్య గిటారు దగ్గర ఒక మైకు పెట్టప్పా. సౌండు బాగా పెంచు. ఆడ కడా వరసలో కూర్చున్నోళ్లకు గూడా వినపడల్ల."

వెంకటపతి మైకును చూసి వద్దన్నాడు. అమ్మ చెప్పినారని గిరి కోకిలను చూపించాడు. ఆమె ముఖంలోని ఆశ చూశాక పాపం ఆయనే కుర్చీని మైకు దగ్గరికి జరుపుకున్నాడు.

పాట మొదలైంది. అబ్బో, ఏం చెప్పను! మంటపమంతా చక్ చక్ చక్ చక్. ట్రంపెట్టు దాని కింద పడి నలిగిపోయింది, క్లారినెట్టు దారి తప్పింది. చిన్నపిల్లలు చెవులు మూసుకున్నారు.

"ఏందమ్మా కోకిలా, బావ స్టేజీ మీద కొబ్బరికాయలు కొడతా ఉండాడా?" అన్నాడు వరదయ్య. వరుసంతా గొల్లున నవ్వింది.

కోకిలకు తల కొట్టేసినట్టయింది. వేదిక మీద భర్త ముఖం చూసింది. ఆయన సిగ్గుపడటం లేదు, బాధపడుతున్నాడు, పాట చెడిపోతున్నందుకు. పోతే పోయింది నా పరువు అనుకుని లేచి గిరి దగ్గరికి నడిచింది. "తీసెయ్ నాయనా."

గిరి తీసేశాడు. గిటారు మాయమైంది. కోకిల చెవులు రిక్కించి వెతికింది, ఎక్కడా లేదు. కానీ ట్రంపెట్టు మాత్రం ఒక్కసారిగా లేచి నిలబడింది. క్లారినెట్టు దాని చుట్టూ గంతులేసింది. పాట మొత్తం నడక అందుకుంది.

ఏమిటీ మాయ? భర్త కుడిచేతిని చూసింది. తొందర లేకుండా అది ఆడుతూనే ఉంది. ఆ చూపే కిందికి దించితే కాళ్లు. పెళ్లికొడుకు బూటు, ముసలమ్మల మెట్టెలు, గిరి హవాయి చెప్పు, అన్నీ ఆ చేతితోపాటే లేచి ఆ చేతితోపాటే దిగుతున్నాయి. తన కాలూ అంతే. అమ్మో, ఇంతమందినీ ఆయనే నడిపిస్తున్నాడా! రోజూ పొద్దున వంటింట్లో తన కత్తి బీన్సు మీద పడేదీ ఆ చేతి వెంటేనని అప్పుడు తెలిసింది. ముప్పయ్యేళ్లుగా ఆయన వాయించింది ఆమె చేతులు విన్నాయి.

కళ్లు తుడుచుకుంటూ వచ్చి అన్న పక్కన కూర్చుంది.

"ఇప్పుడు అసలు వినపడనే లేదే. బావ ఆపేసినాడా?" అన్నాడు వరదయ్య.

"నీ కాలు చూసుకో అన్నా."

వరదయ్య చూసుకున్నాడు. ఆపబోయాడు. ఆగలేదు.