పక్కింటి కంచె పక్కన గోంగూర

నేను కాపురానికి వెళ్లింది ఒక కరీబియన్ దీవికి. నర్సీపట్నంలో ఎవరికి చెప్పినా "అదెక్కడుందమ్మా?" అనేవారు. మా ఆయన అక్కడి కాలేజీలో పాఠాలు చెప్పేవారు. వంటింటి కిటికీ తీస్తే ఒక పక్క కొండ, ఒక పక్క సముద్రం. కొండవైపు చూసినంతసేపూ మా ఊరి దగ్గర కొయ్యూరు కొండరోడ్డెక్కినట్టే ఉండేది. రోడ్డు వార మేకలు కట్టేసి ఉండేవి. చెవులు చిల్లులు పడేలా పాటలు పెట్టుకుని మినీ బస్సులు మలుపులు తిరిగేవి. ఎండ కాస్తుండగానే వాన వచ్చి, ఆరేసిన బట్టలు నేను అందుకునేలోపే తడిపేసి పోయేది. నాకా ఊరు నచ్చింది. ఉండిపోదామనే వెళ్లాను.

ఇంతలో వేవిళ్లు పట్టుకున్నాయి. మామూలువి కావు. పప్పు వాసనకి వాంతి, అన్నం ఉడికితే వాంతి. అక్కడివాళ్లు ఇష్టంగా తినే కాల్చిన సీమపనసకాయ దూరం నుంచి చూసినా వాంతే. మళ్లీ బరువు తగ్గానని క్లినిక్‌లో నర్సు చెప్పేసరికి మా ఆయన బెంబేలెత్తిపోయారు.

"ఊరెల్లిపో. మీ అమ్మ సూసుకుంటాది. పురుడయ్యాక వద్దువు గాని."

"నానెల్లను."

"తిండి లేకుండా ఎన్నాళ్లుంటావేటి? సోమవారం దాకా సూస్తాను. అప్పటికీ ఇలాగే ఉంటే టికెట్టు తీసేస్తాను."

తీస్తారు కూడా. మెత్తగా మాట్లాడే మనిషి పట్టుబట్టాడంటే ఇక అంతే. కానీ నేను పట్టిన కుందేలుకీ మూడే కాళ్లు. పెళ్లయి ఇద్దరం ఒక చూరు కింద ఉన్నదే కొద్ది నెలలు. పుట్టిన బిడ్డని ఈయన ఫోన్లో చూసుకోవాలా? కోపం, ఏడుపు కలిసి వచ్చాయి.

ఆ సాయంత్రం పెరట్లోకి వెళితే, పక్కింటి మామ్మగారి కంచె వెంట ఎర్రకాడల మొక్కలు కనిపించాయి. రోజూ చూస్తున్నవే. ఎందుకో ఒక ఆకు తుంచి నోట్లో పెట్టుకున్నాను. ఓరి నాయనో, గోంగూర! పుల్లదనానికి కళ్లు మూసుకుపోయాయి. ఎన్నాళ్లకో ఆకలి తెలిసింది.

"ముట్టుకోకు పిల్లా!" అని మామ్మగారు గుమ్మంలోంచే కేక వేసింది. వాళ్లకి ఆకుతో పనిలేదు. కాయ చుట్టూ ఉండే ఎర్రటి రెక్కలు మరిగించి, అల్లం వేసి క్రిస్మస్‌కి పానకం చేస్తారు. అది లేకపోతే వాళ్లకి పండగ పండగే కాదు. ఆకు తుంచితే పూత పోతుందని ఆవిడ భయం.

నాకొచ్చిన ఇంగ్లీషులోనే బతిమాలాను. "మాది గొలుగొండ దగ్గర, మామ్మగారూ. చెరకు గట్ల మీద నేను పెంచిన మొక్కే ఇది. చిగుళ్లు గిల్లితే పక్క కొమ్మలేస్తుంది. ఒక్క వరస ఇవ్వండి. పువ్వు రాకపోతే మీరేమన్నా పడతాను."

ఆవిడ నా ముఖం చూసింది, ఎండిన చేతులు చూసింది. "ఒక్క వరసే," అంది. ఆ డిసెంబరులో ఆ వరసే గుబురుగా కాసింది, అది వేరే సంగతి.

ఆకు నూనెలో మగ్గబెట్టాను. అక్కడి మిరపకాయ ఒక్కటి వేయిస్తే ఇల్లంతా దగ్గు. రోలు లేదు, గిన్నెలో గరిటెతోనే ఎనిపాను. అన్నంలో కలిపి ఒక ముద్ద తిన్నాను. మా ఆయన ఒక చేత్తో బేసిన్, ఇంకో చేత్తో ఫోను పట్టుకుని పక్కనే నిలబడ్డారు. ఫోనులో విమానాల పేజీ తెరిచే ఉంది. ఇంకో ముద్ద తిన్నాను. ఇంకొకటి. కడుపు కదల్లేదు.

"తిన్నది ఉంటాదంటావా?" అన్నారు భయంభయంగా.

"ఆ టికెట్టు మీదంత మోజుంటే మీరెల్లండి. నాకు మాత్రం బేగి ఇంకాస్త అన్నం ఎట్టండి."