పెద్ద అక్షరాల బీరు

మామిడికాయలు పెట్టెల్లో పేర్చే నాంచారయ్య దేన్నీ ఓ పట్టాన నమ్మడు. గడియారం చూశాక కూడా ఓసారి ఎండకేసి చూసే రకం. బీరులో ఆల్కహాల్ ఇంతకు మించకూడదన్న రూలును సర్కారు సడలించిందని, కొత్త సరుకు మహా ఘాటని ఆగిరిపల్లి షాపువాడు చెబితే ఓ సీసా కొన్నాడు గానీ, దారిపొడుగునా అనుమానమే. ఇంటికొచ్చి మూత వాసన చూశాడు. గుక్కెడు తాగి మొహం చిట్లించాడు.

"నీళ్లే. రూలు మారింది కాయితం మీదే."

"సీసా మీద స్ట్రాంగ్ అని అంతంత అక్షరాలతో రాశారుగా, ఇంకేంటి నీ అనుమానం?" అంది భార్య పున్నమ్మ.

నాంచారయ్య ఆమెకేసి జాలిగా చూశాడు.

"పొద్దుట్నుంచీ పైవరసలో మంచి కాయలు, అడుగున మచ్చ కాయలు పెట్టి పేర్చొచ్చాను. ఆ పెట్టెల మీద ఫస్ట్ క్వాలిటీ అని రాసింది కూడా పెద్ద అక్షరాలతోనే."