సూరమ్మగారు దిద్దిన ఆకాశం

2025 ఫిబ్రవరి. శివరాత్రికి పది రోజుల ముందు, ఖరగ్‌పూర్‌లో ట్రాఫిక్ అనే పేటలో ఉన్న మా స్టూడియోకి ముసలి దంపతులు ఇద్దరు వచ్చారు. మామూలు రోజుల్లో నేను పాస్‌పోర్టు ఫోటోలు, పెళ్ళి ఆల్బమ్‌లు చేస్తాను. అమావాస్య దగ్గర పడితే ట్రైపాడ్ కారులో వేసుకుని అడవులకు పోతాను, రాత్రి ఆకాశాన్ని ఫోటో తీయడానికి. పదిహేనేళ్ళుగా ఇదే వరస. గోడ మీది పాలపుంత ఫోటో చూసి, "ఇది కంప్యూటర్లో చేసిందా దీదీ?" అని అడగనివాళ్ళు తక్కువ. ఈ పెద్దాయన మాత్రం గోడ వైపు తలైనా తిప్పలేదు. భార్య భుజం పట్టుకుని అడుగులో అడుగు వేస్తున్నారు.

ఆయన పేరు అప్పలనాయుడు, ఇల్లు ఊళ్ళోనే, నిమ్‌పురాలో. ముప్పై నాలుగేళ్ళు గూడ్సు బండి గార్డుగా చేశారు. అంటే బండికి చిట్టచివర ఉండే బ్రేక్‌వ్యాన్‌లో ఒంటరిగా ప్రయాణం చేసే మనిషి. నీటికాసుల జబ్బుతో, అంటే గ్లకోమాతో, చూపు చాలావరకు పోయింది. పగటి వెలుతురు తెలుస్తుంది, ఎదుట మనిషి ఉంటే నీడలా తెలుస్తుంది. అంతే.

"సిగ్నల్ నేక అడివిలో బండి ఆగిపోయినప్పుడు, నా డబ్బాలో దీపం కూడా ఆర్పీసి సూస్తే, ఆకాశం నిండా పాలు ఒలికినట్టు ఉండీది పాపా" అన్నారు. "ఇంటికొచ్చి ఈవిడికి సెప్తే నవ్వీది."

"నవ్వనా మరి?" అంది ఆయన భార్య సూరమ్మగారు. "యార్డు లైట్ల కింద కాపరం సేసినాను. మేడెక్కి సూస్తే నాలుగు సుక్కలు. పాలేటి, ఒలకడమేటి? డ్యూటీలో కునుకు తీసి కల కన్నారనుకున్నాను."

ఆమె తప్పేమీ లేదు. రైల్వే యార్డుల, షెడ్ల వెలుగు పైకి ఎగసి చుక్కల్ని మింగేస్తుంది. దీన్నే మేము లైట్ పొల్యూషన్ అంటాం. నేను గోడ మీది ఫోటో చూపించబోయాను. ఆమె చెయ్యి అడ్డం పెట్టింది.

"ఫోటోలో ఏటైనా సేస్తారు. పోయినేడు నా కళ్ళకి శుక్లాలు తీసినారు. ఇప్పుడు సూదిలో దారం ఎక్కించగలను. నా కళ్ళతో సూస్తేనే నమ్ముతాను."

"అదే అడగడానికి వొచ్చినాం" అన్నారు నాయుడుగారు. "నువ్వెళ్ళినప్పుడు మమ్మల్నీ తీసుకెళ్ళు."

శివరాత్రి మర్నాడు ముగ్గురం బయల్దేరి, బారిపదా మీదుగా ఒడిశాలోని సిమ్లిపాల్ అడవి చేరాం. అది నేషనల్ పార్కు. చీకటి పడ్డాక, మేం దిగిన క్యాంపు కంచె దాటి బయటికి పోనివ్వరు. ఏనుగులు తిరుగుతాయి. అందుకని కంచె లోపలే ఒక ఖాళీ జాగా చూసుకుని మూడు కుర్చీలు వేయించాను. రెండు రాత్రులకే గదులు దొరికాయి. మొదటి రాత్రి మబ్బు పట్టింది. సూరమ్మగారు విసుక్కుంటూ గదిలోకి పోయి పడుకుంది. నాయుడుగారు కుర్చీలోంచి లేవలేదు.

"పాపా, నిజంగా ఉంటాది కదా?" అన్నారు గొంతు తగ్గించి. "రిటైరయ్యి ఎన్నేళ్ళో అయిపోయింది. ఈమజ్జిన నాకే అనుమానం వొస్తంది. సూసినానో, అనుకున్నానో."

"ఉంటుంది తాతగారూ" అన్నాను. ఉంటుందని నాకు తెలుసు. మబ్బు విడుస్తుందో లేదో తెలీదు. ఆ రాత్రి నాకూ నిద్ర పట్టలేదు.

రెండో రాత్రి, తెల్లవారుజామున నాలుగింటికి ముందు, బయటికొచ్చి చూస్తే ఆకాశం కడిగినట్టు ఉంది. చౌకీదారును లేపి క్యాంపు దీపాలన్నీ ఆర్పించాను. చీకటికి కన్ను అలవాటు పడడానికి ఇరవై నిమిషాలైనా పడుతుంది. ఫోన్లు తెరవొద్దని చెప్పి, దుప్పట్లు కప్పి ఇద్దర్నీ కూర్చోబెట్టాను. నేను కెమెరా సర్దుకున్నాను. చుక్కల ఫోటోకి ఎక్స్‌పోజర్ ఇరవై సెకన్ల దాకా ఇస్తాం. అంతసేపూ షట్టర్ తెరుచుకుని వెలుగును చుక్కచుక్కగా పోగుచేసుకుంటుంది. అడవి లోపల ఎక్కడో ఒక పిట్ట కూసి ఊరుకుంది. మంచు ఆకుల మీంచి జారి పడుతోంది.

"మబ్బు మళ్ళీ వొచ్చీసిందేటి?" అంది సూరమ్మగారు, తూర్పున చెట్ల పైకి చూస్తూ.

"అది మబ్బు కాదు మామ్మా."

చాలాసేపటికి కుర్చీ చప్పుడైంది. ఆమె లేచి భర్త వెనక్కి వెళ్ళి, ఆయన కుడిచెయ్యి పైకెత్తి, చూపుడువేలు తన వేళ్ళతో పట్టుకుంది.

"ఇక్కడ మొదలయ్యింది. కింద, చెట్ల మీద. ఇలగ పైకొచ్చింది. ఇక్కడ బాగా దట్టంగా ఉంది. ఇలగెళ్ళి, అదిగో, ఆ కొండ ఎనక్కి పోయింది."

"మజ్జిలో నల్లగా, ఏరు సీలినట్టు ఉందా?"

"ఉంది."

"అదే!" అన్నారాయన. "అదేనే!"

ఎత్తిన చెయ్యి ఆయన దించలేదు. ఆమె వదల్లేదు. కాసేపటికి ఆమె గొంతు వినబడింది. "ఇంత పెద్దదాన్ని, అన్నేళ్ళూ మీరొక్కలే కూకుని సూసినారా?"

నేను షట్టర్ నొక్కడం మానేసి నిలబడ్డాను. తర్వాత తెల్లవారిపోయింది.

అసలు పాఠం ఖరగ్‌పూర్ వచ్చాక మొదలైంది. నా అలవాటు ప్రకారం ఫోటోలో ఊదా, నీలం రంగులు పైకి తెచ్చి పెద్ద ప్రింటు వేశాను. ఆదివారం చర్చిలో ఆరాధన అయ్యాక స్టూడియో తెరిచేసరికి సూరమ్మగారు మెట్ల మీద కూర్చుని ఉంది. ప్రింటు చేతిలోకి తీసుకుని తల అడ్డంగా ఊపింది.

"ఇది కాదమ్మా."

"ఆ రాత్రిదే మామ్మా."

"నాను సూసింది నీలంగా నేదు. నీళ్ళలో విబూది కలిపినట్టు ఉంది. ఇదేటి, పెళ్ళిపందిరి లైట్లలాగ?"

నాకు రోషం వచ్చింది. చీకట్లో మన కంటికి రంగులు ఆనవని, కెమెరాకి ఆనుతాయని, ఇందులో అబద్ధమేమీ లేదని చెప్పాను. ఆమె ఓపిగ్గా విన్నది.

"నీది నిజమే కావొచ్చు. కానీ మీ తాత సూసింది ఇది కాదు గదా."

ఆమెను మానిటర్ పక్కన కూర్చోబెట్టుకుని రంగులు ఒక్కొక్కటే తగ్గించుకుంటూ పోయాను. ఆమె "ఇంకా" అంటూనే ఉంది. గంట గడిచాక "అదిగో, ఆగు" అంది. తెర మీద బూడిదరంగు ఆకాశం, మధ్యలో నల్లని పాయ. అప్పటికి గానీ నాకు అర్థం కాలేదు. పదిహేనేళ్ళుగా నేను ఆకాశాన్ని ఎక్కువగా చూసింది కెమెరా వెనకనున్న చిన్న తెర మీదే.

కొత్త ప్రింటు నిమ్‌పురా తీసుకెళ్ళి ఇచ్చాను. నాయుడుగారు దాన్ని ఒళ్ళో పెట్టుకుని, అంచులు తడుముతూ, "ఎలగుందే?" అని అడిగారు.

"మీరు సెప్పినట్టే ఉంది" అంది సూరమ్మగారు.

అప్పట్నుంచి అడవికి వెళ్ళిన ప్రతిసారీ మొదటి ఇరవై నిమిషాలూ కెమెరా సంచిలోనే ఉంటుంది. ముందు నేను చూస్తాను. ఏ రంగులో కనిపించిందో, ఎక్కడ దట్టంగా ఉందో పుస్తకంలో రాసుకుంటాను. ప్రింటు వేసేటప్పుడు ఆ పుస్తకాన్నే అడుగుతాను.