రోజమ్మ కోసం మా అవ్వ తీసిన రాగం

మా చిన్నప్పుడు... తెలంగాణ వచ్చిన కొత్తలో, కేతేపల్లి దగ్గర మా ఊరికి ఇటలీ నుంచి ఒకామె వచ్చింది. పేరు లూచియా. హైదరాబాదులో చదువుతున్న మా చిన్నత్తకు స్నేహితురాలు. ఆమె చేతిలో బొచ్చు తొడుగున్న మైకు... అచ్చం పిల్లికూనలా ఉండేది. దాన్ని ఒక్కసారి నిమరాలని మా పిల్లమూకకు ఒకటే ఆరాటం!

వాళ్ల దేశపు పల్లెల్లో చావింట ఆడవాళ్లు రాగం తీసి ఏడ్చే పాటలను సేకరించడమే ఆమె చదువట. ఏడుపుకి కూడా చదువుంటుందా అని మేం నోళ్లు వెళ్లబెట్టాం. మా దగ్గర ఎలా ఏడుస్తారో వినాలని వచ్చింది. ఊళ్లో ఎవరు పోయినా మొదటి రాగం మా అవ్వ ఎల్లమ్మదే మరి.

అవ్వ మాత్రం ససేమిరా అంది.

"ఉత్తగనే ఏడిస్తే ఇంటికి కీడు బిడ్డా. ఎవలన్న సచ్చిన్రా ఏంది?"

అత్త ఆ మాట ఇంగ్లీషులో చెప్పగానే లూచియా మైకు కింద పెట్టేసింది. వాళ్ల అవ్వ కిందటేడే పోయిందట. వాళ్ల ఊళ్లో ఆ పాటలు వచ్చిన ఆఖరి మనిషి ఆమేనట. అందుకని ఆమె పోయిన రోజు రాగం తీసేవాళ్లే లేరు. ఇన్ని పాటలు సేకరించిన తనకూ నోరు పెగల్లేదట...

అవ్వ చటుక్కున దగ్గరికి జరిగింది. "అయ్యో... ఏడ్వకుంటనే సాగనంపిన్రా? పేరేంది ఆమెది? ఏం పని జేసేది?"

"రోజా అంట. ఆలివ్ కాయలు ఏరే కూలికి పోయేదంట," అంది అత్త.

"అంటె మనం పత్తేరినట్టే." అవ్వ కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని, లూచియా మెడ చుట్టూ చేయి వేసి రాగం అందుకుంది.

"ఓ నా రోజమ్మా... కాయలు రాలి కుప్పలైనయే... ఏరే చేతులు ఏడబోయినయే..."

లూచియాకు తెలుగు ముక్క రాదు. అయినా రోజమ్మ పేరు వచ్చినప్పుడల్లా వెక్కి వెక్కి ఏడ్చింది. మైకు సంగతి ఎవరికీ గుర్తు లేదు. మేం కూడా దాన్ని నిమరడం మరిచిపోయాం.

అయిపోయాక అవ్వ ముక్కు తుడుచుకుని చాయ్ పెట్టమంది. నా నోరు ఆగలేదు. "అవ్వా, ఆమెను నువ్వు సూడనే లేదు గదా, గంత ఏడుపెట్లొచ్చింది?"

"పేరు దెలిసినంక సుట్టమే గదనే," అంది అవ్వ.

పోయినేడు అవ్వ పోయింది. అవ్వను ఉంచిన ఐస్ పెట్టె చుట్టూ కూర్చుని అందరం ముక్కులు చీదుకున్నాం. అత్త "ఓ మాయవ్వా..." అని మొదలుపెట్టి, తర్వాత మాట దొరక్క ఆగిపోయింది. ఊరందరినీ ఏడ్చి సాగనంపిన మనిషికి రాగం తీసేవాళ్లు ఒక్కరూ లేరు.

కబురు తెలిసి లూచియా మా అత్త ఫోనుకు ఒక పాట పంపింది. మా అవ్వను చూసి వెళ్లాకే, తన దగ్గరున్న పాత రికార్డులు వింటూ వాళ్ల ఊరి ఏడుపు పాట నేర్చుకుందట. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. కానీ మధ్యలో "ఎల్లమ్మా..." అని మా అవ్వ పేరు వినబడింది. అప్పుడు గానీ నాకు గొంతెత్తి ఏడుపు రాలేదు.

మీ ఇళ్లలో రాగం తీసి ఏడవడం తెలిసిన పెద్దవాళ్లున్నారా? ఉంటే కాస్త చెప్పండి. ఊరికే పాడమంటే మాత్రం పాడరు... ఎవరి కోసం ఏడవాలో పేరు చెప్పి అడగండి. మా ఊళ్లో ఇప్పుడు పేర్లే మిగిలాయి... ఏడ్చేవాళ్లు లేరు.