యొర్దాను సీసాలో నల్లా నీళ్లు

పక్కింటి అక్కకు నేను తెచ్చిచ్చిన సీసాలో ఉన్నవి యొర్దాను నీళ్లు కావు. ఆ మాట బావ బతికుండగా చెప్పలేదు, పోయాకా చాన్నాళ్లు చెప్పలేదు.

శంషాబాద్‌లో మా ఇంటికీ వాళ్లింటికీ మధ్య ఒకటే గోడ. మేం చర్చికి పోతాం, వాళ్లు ఎల్లమ్మకు బోనమెత్తుతారు. పండగ పూట నైవేద్యం పెట్టినవి మేం తినమని, ముందే మా వంతు తీసిపెట్టి, గోడ మీంచి అందించే మనిషి అక్క.

యెరూషలేము వైపు యుద్ధం మొదలవకముందు, మా చర్చి సంఘంతో కలిసి అక్కడికి యాత్రకు బయల్దేరాను. అప్పటికే బావకు కాలేయం బాగా చెడింది. కారెక్కుతుంటే అక్క కిటికీ దగ్గరికొచ్చింది.

“తమ్మీ, మీ ప్రభువు మునిగిన నది నీళ్లు జర తెచ్చియ్యి. మీ బావకు తాపుత.”

“నమ్ముతవా అక్కా?”

“నమ్మకుంటే అడుగుతనా? ఇమానమెక్కకముందే పాస్టర్ లెక్క ప్రశ్నలడుగకు.”

మా ప్రభువు బాప్తిస్మం పొందిన ఆ యొర్దాను నది సన్నగా, ఆకుపచ్చగా ఉంది. అందరూ ఏడుస్తూ పాటలు పాడుతుంటే నేను ఫోటోలు బాగా వచ్చాయా లేదా అని చూసుకుంటున్నాను. నాలో ఏమీ కదల్లేదు. ఆ సిగ్గు కప్పిపుచ్చుకోవడానికేమో, అక్క కోసం నీళ్లు నింపిన సీసాను మాత్రం అతి భక్తిగా చూసుకున్నాను. పెద్ద పెట్టెలో పెట్టమని గైడ్ చెప్పినా, పవిత్రమైన నీళ్లను విడిచిన బట్టల మధ్య పెట్టడమేమిటని చేతిసంచిలోనే ఉంచుకున్నాను. విమానం మారిన చోట తనిఖీ మనిషి, చేతిసంచిలో నీళ్లు తేకూడదని పారబోసి, ఖాళీ సీసా నా చేతికిచ్చాడు. తోటివాళ్లు ఎవరైనా కాసిన్ని పోసేవాళ్లే. “గైడ్ చెప్తే వినకపోతివి” అంటారని అడగలేదు.

శంషాబాద్‌లో దిగి పెట్టెల కోసం ఎదురుచూస్తూ, తాగేనీళ్ల నల్లా కింద ఆ సీసా నింపాను.

అక్క దాన్ని రెండు చేతులా అందుకుని కళ్లకద్దుకుంది. రోజూ తలస్నానం చేసి బావకు చెంచాడు తాపేది.

“ఏందే, మన నల్లా నీళ్ల లెక్కనే ఉన్నయి” అనేవాడు బావ.

“నోర్మూసుకోని తాగు. ఫారిన్ నీళ్లు.”

ఇద్దరూ నవ్వుకునేవాళ్లు. గోడకు ఇవతల నేను కంచం తీసుకుని లోపలి గదిలోకి పోయేవాణ్ణి.

వానాకాలంలో బావ పోయాడు. పలకరించడానికి మా సంఘ పెద్ద కూడా నాతో వచ్చాడు. అక్క యొర్దాను నీళ్లు తాపిన సంగతి ఆయనకు చెప్పుకుంది. మంచి ఉద్దేశంతోనే కావచ్చు, “రెండు పడవల మీద కాళ్లు పెడితే ప్రార్థన ఫలించదమ్మా” అన్నాడు. అక్క నా ముఖం చూసింది. నేను అవునన్నట్టు తల ఊపాను.

ఆ మాట ఆమెలో నాటుకుపోయింది. “ఎల్లమ్మకు దీపం పెట్టిన చేత్తోనే తాపితి. మీ దేవుడు నన్ను ఎనుకకు పంపిండు” అనేది. తర్వాత ఎల్లమ్మకు దీపం పెట్టడం కూడా మానేసింది. ఇద్దరు దేవుళ్లకూ కానిదాన్నయ్యానని ఆమె బాధ.

నీళ్ల నిజం ఆమెకు చెబితే, అసలు నీళ్లు దొరికుంటే బతికేవాడేమో అని మరింత కుమిలిపోతుందని నాకు నేను చెప్పుకున్నాను. అందులో కొంత నిజముంది. ఎక్కువ భాగం పిరికితనమే.

మొన్న బోనాలప్పుడు గోడ అవతల అక్క కోడలితో అంటోంది: “నా చెయ్యి మంచిది కాదు బిడ్డా. బోనం కుండ నువ్వే ముట్టుకో.” ఇక కూర్చోలేకపోయాను. లేచి వాళ్లింటికి వెళ్లాను. అక్క చాటలో బియ్యం ఏరుతోంది.

“అక్కా, నేను తెచ్చినవి యొర్దాను నీళ్లు కావు. ఎయిర్‌పోర్టు నల్లా నీళ్లు.”

జరిగిందంతా చెప్పాను. ఆమె చేతులు ఆగిపోయాయి. చాట పక్కకు పెట్టి అడిగింది.

“అయితే అసలు నీళ్లు తాపితే బతుకుతుండెనా?”

ఇన్నాళ్లూ నేను భయపడ్డ ప్రశ్న అదే.

“తెల్వదక్కా. దవాఖానోళ్లు అప్పటికే ఆశ ఇడిసిన్రు. గంతకు మించి నాకు తెల్వదు. కని నీ చేతిల ఏ పాపం లేదు. నిన్ను ఏ దేవుడూ ఎనుకకు పంపలే. అబద్ధమాడింది నేను. పెద్దమనిషి నిన్ను గట్ల అంటుంటే తల ఊపింది నేను. నిన్ను నువ్వు తిట్టుకుంటుంటే ఇన్ని దినాలు వినుకుంట ఊకున్న. తప్పయింది, మాఫ్ చెయ్యక్కా.”