పాదం మీద గొడ్డలి మచ్చ

మా అమ్మమ్మ కొత్తగా వచ్చిన మగవాళ్ళ ముఖాలు చూసేది కాదు, పాదాలు చూసేది. పర్చూరు బస్టాండులోనూ అంతే, మిరపకాయలు కొనడానికి ఇంటికొచ్చిన వ్యాపారుల దగ్గరా అంతే. చిన్నప్పుడు నాకు సిగ్గుగా ఉండేది. కారణం అమ్మ చెప్పాక సిగ్గు పోయి భయం పట్టుకుంది.

అమ్మకు ఒక్కడే అన్న. యుద్ధం రోజుల్లో వాయుసేనలో పైలట్. పోయింది మాత్రం యుద్ధంలో కాదు. కొత్తరకం విమానం నడపడం నేర్చుకుంటుండగా అది కూలిపోయింది. ఊళ్ళో ఎవరైనా శత్రువులు కూల్చారంటే అమ్మమ్మ ఒప్పుకునేది కాదు. "నేర్చుకుంటూ పోయాడు" అనేది.

మేకులు కొట్టిన పెట్టె వచ్చింది. "ముఖం ఒక్కసారి చూపించండయ్యా" అని వెంట వచ్చిన ఆఫీసరును అమ్మమ్మ అడిగిందట.

"తెరవకూడదమ్మా."

"పోనీ పాదాలు చూపించండి. కుడి పాదం మీద గొడ్డలి మచ్చ ఉంటుంది. అది చూస్తే చాలు."

ఆయన తల వంచుకున్నాడట. తాతయ్య ఆ పెట్టెకే నిప్పు పెట్టాడు.

నాకు ఎనిమిదేళ్ళప్పుడు, వెల్ల వేయించడానికి పిడుగురాళ్ల నుంచి సున్నం తెప్పించారు. లారీ డ్రైవరుకు ముప్పై దాటి ఉంటాయి. మామయ్య ఉంటే అదే వయసు. బస్తాలు దించి అరుగు మీద కూర్చున్నాడు. పాదాలు సున్నం పొడితో తెల్లగా ఉన్నాయి. అమ్మమ్మ బిందెతో నీళ్ళు తెచ్చింది.

"కాళ్ళు కడుగుతాను, ఉండు నాయనా."

"మీరు కడగడమేంటండీ, పెద్దవారు" అని అతను కాళ్ళు వెనక్కి లాక్కున్నాడు.

అమ్మ గుమ్మంలోంచి మెల్లగా చెప్పింది. "మా అన్నయ్య విమానం కూలి చనిపోయాడండి. ఆఖరి చూపు దక్కలేదు. కుడి పాదం మీది మచ్చ కోసం వెతుక్కుంటోంది."

అతను కుడికాలు ముందుకు చాపాడు. అమ్మమ్మ నీళ్ళు పోసి, కొంగుతో తుడిచి, వేళ్ళతో తడిమింది. మచ్చ లేదు.

"ఎడమది కూడా చూడమ్మా" అన్నాడతను. అమ్మమ్మ అదీ కడిగింది.

తర్వాత అన్నం పెట్టింది. అతను తల ఎత్తకుండా తిని వెళ్ళిపోయాడు. "వాడు కాదులే" అంది అమ్మమ్మ.

అప్పటిదాకా ఏటా మామయ్య తద్దినం రోజున పొద్దున్నే చేలోకి వెళ్ళిపోయి, చీకటి పడ్డాకే తిరిగొచ్చేది. ఆ ఏడు తనే స్నానం చేసి వంట మొదలుపెట్టింది. పిండం కాకులకు పెట్టాక ఆమె మామయ్యను పేరుపెట్టి గట్టిగా పిలిచింది. నేను ఆ పేరు ఆమె నోట వినడం అదే మొదలు. పక్క చేలో మిరపకాయలు కోస్తున్న కూలీలు నడుములెత్తి నిలబడిపోయారు.

నాకిప్పుడు యాభై దాటాయి. ఇంట్లో అందరూ ఎవరి పనుల్లో వాళ్ళుండగా, పట్టపగలు, ఆ పిలుపు వినిపిస్తుంది.