చేసినవారు, చూసినవారు

నేను చేత్తో రాసిన నాలుగు పేజీల మీద టీ గ్లాసు పెట్టిన మనిషిని ఇంతవరకు క్షమించలేదు. ఇకముందు క్షమించే ఉద్దేశం కూడా లేదు. ఆ పేజీలు నా దగ్గరే ఉన్నాయి. మూడో పేజీలో "ఆపదల కట్టను సిద్ధం చేసే పద్ధతి" అన్న మాటల మీద గుండ్రటి మరక ఇప్పటికీ కనిపిస్తుంది.

ఆ మనిషి మా అపార్టుమెంటులోనే మూడో అంతస్తులో ఉంటాడు. కాజీపల్లిలో మందుబిళ్ళలు చేసే ఒక కంపెనీలో ప్రొడక్షన్ ఇన్‌చార్జి. దానికి గోడ అవతల ఇంకో కంపెనీలో నేను క్వాలిటీ విభాగంలో రికార్డులు చూస్తాను. పరిచయమైన మొదటిరోజే "ఓహో, మీరు కాగితాలోల్లా మేడం" అన్నాడు. మందు తయారుచేసేది తామేననీ, మేము దారికి అడ్డంగా కుర్చీ వేసుకుని కూర్చునేవాళ్ళమనీ ప్రొడక్షన్ వాళ్ళందరికీ ఒక నమ్మకం. ఆ నమ్మకం ఉన్నవాళ్ళు చేసిన మందు వేసుకునే ముందు నేను చీటీ రెండుసార్లు చదువుతాను.

ఆట పెట్టెను తెచ్చింది మా ఎదురు ఫ్లాటు సేటు. ఆయనకు సంగారెడ్డి మార్కెట్లో విత్తనాల దుకాణం ఉంది. ఆయన తమ్ముడు మోజుపడి ఆ పెట్టె కొని, లోపలి రూల్సు పుస్తకం చూసి బెదిరిపోయి వదిలేశాడట. అంతా ఇంగ్లీషు, అంతా చిన్న అక్షరాలు. నేను రెండుసార్లు చదివి, అవసరమైనదంతా తెలుగులో నాలుగు పేజీలకు కుదించాను. నన్నెవరూ అడగలేదు. అడగకపోయినా చేసినందుకు ఎవరూ బాగుందని కూడా అనలేదు.

కార్డులాట అనగానే మా వాళ్ళకు పేకాట తప్ప ఇంకోటి తట్టదు. అపార్టుమెంటు సంఘం పెద్దమనిషి ఒకాయన తలుపు దాకా వచ్చి, లోపలికి తొంగిచూసి, "ఆదివారం పూట ఆడోల్లు గూడ కూసుంటున్నరు, మంచిగ లేదమ్మా" అని పోయాడు. ఈ ఆటలో ఒకరి మీద ఒకరు గెలవడం ఉండదు. నలుగురు ఆటగాళ్ళు, ఒక్కొక్కరికి ఒక వీరుడు, ఆ వీరుడి సామాను, మంత్రాలు ఉండే ఒక కట్ట. అందరూ కలిసి శాపం తగిలిన అడవి, కొండదారి, బురదనేల దాటుకుంటూ ఎనిమిది అధ్యాయాల్లో ఒక కాలిపోయిన కోటకు చేరాలి. ఎదురుగా ఉండేది మనిషి కాదు, ఆపదల కట్ట. ప్రతి వంతులో దాంట్లోంచి నాలుగు కార్డులు తిరగేస్తాం. రాక్షసులు, చెడ్డ చోట్లు బయటికొస్తాయి. అవి పెరిగేకొద్దీ భయం అంకె పెరుగుతుంది. అది యాభైకి చేరితే నలుగురం ఒకేసారి ఓడిపోతాం. గెలిచినా నలుగురమే. ఇది విని ఇన్‌చార్జి అడిగిన మొదటి ప్రశ్న, "గట్లయితే ఫస్టు ఎవలు వచ్చినట్టు?"

ఆయన భార్య పటాన్‌చెరులో చర్చి వాళ్ళ బడిలో లెక్కల టీచరు. నేనూ సేటూ ఆ ఇద్దరూ కలిసి నలుగురం. ఆదివారం ప్రార్థనలు, భోజనాలు అయ్యాక మూడు గంటలకు మా ఇంట్లో కూర్చునేవాళ్ళం, కిటికీలు మూసుకుని. గాలి ఫ్యాక్టరీల వైపు నుంచి తిరిగితే ముక్కు మూసుకుని ఆడటం ఎవరివల్లా కాదు.

ఈ ఆటలో సగం గెలుపు పేర్చడంలోనే ఉంటుంది. ఏ అధ్యాయానికి ఏ కార్డులు కావాలో తీయాలి. పోయిన అధ్యాయానివి ఒక్కటి కూడా మిగలకుండా ఏరేయాలి. ఆట అయ్యాక కార్డులన్నీ ఒకే పెట్టెలో కలిసిపోతాయి కాబట్టి ప్రతి ఆదివారం ఈ పని మళ్ళీ చేయాల్సిందే. పెద్ద రాక్షసుడిని పక్కన ఉంచి, కట్టను కలిపి, రెండు సగాలు చేసి, అతన్ని కింది సగంలో కలపాలి. ఫ్యాక్టరీలో ఒక మందు అయిపోయి ఇంకో మందు మొదలుపెట్టే ముందు మేం చేసేది కూడా ఇదే. పాత మందు లేబుల్ ఒక్కటైనా మిషన్ దగ్గర మిగిలిందేమో ఒకరు వెతికి తీసేస్తారు, ఇంకొకరు చూసి ఒప్పుకుంటారు. కాగితం మీద రెండు గళ్ళు ఉంటాయి: చేసినవారు, చూసినవారు. రెండు సంతకాలూ పడనిదే మిషన్ తిరగదు. నేను ఆటకు కూడా అలాంటి కాగితమే తయారుచేశాను, పనికొక వరస చొప్పున తొమ్మిది వరసలతో.

"గిదేంది మేడం, ఆటకు గూడ బ్యాచ్ రికార్డా?" అన్నాడు ఇన్‌చార్జి. "ఆడిటర్ వచ్చినా మమ్మల్ని గింత సతాయించడు."

"సతాయించలేదు గనుకనే మీ లేబుళ్ళు కలిసిపోతున్నాయి" అన్నాను.

సేటు నవ్వాడు. ఇన్‌చార్జి నవ్వలేదు. ఆ మాట నేను ఊరికే అనలేదు, వాళ్ళ కంపెనీలో లేబుళ్ళు తారుమారైన సంగతి గోడ ఇవతల మాకందరికీ తెలుసు.

నా పేజీల్లో చివరి నియమం నేను సొంతంగా చేర్చింది: పేర్చడంలో తప్పు తేలితే ఆ ఆట లెక్కలోకి రాదు, మళ్ళీ ఆడాలి. నాలుగో అధ్యాయంలో సేటు ఒక కార్డు ఎక్కువ పెట్టినందుకు గెలిచిన ఆటను కొట్టేశాను. తర్వాతి ఆదివారం మళ్ళీ మొదటినుంచి ఆడించాను. "అక్కా, నువ్వు మా ఇన్‌కంటాక్స్ సారు కన్నా కష్టమున్నవ్" అన్నాడు సేటు. దాన్ని పొగడ్తగానే తీసుకున్నాను.

ఎత్తుగడల సంగతికొస్తే, నలుగురూ ఒకేలాంటి కట్ట పెట్టుకుంటే ఎవరూ ఎందుకూ పనికిరారు. ఒకరు కొట్టాలి, ఒకరు కాపలా కాయాలి, ఒకరు దారి నడవాలి, ఒకరు గాయాలు మాన్పాలి. ప్రతి వంతులో ఎవరు ప్రయాణానికి పోవాలో, ఎవరు కాపలాకు ఆగాలో ముందే తేల్చుకోవాలి. అందరూ ప్రయాణానికి పోతే వెనక నుంచి వచ్చే రాక్షసుడికి అడ్డంపడే వాళ్ళుండరు. అందరూ ఆగిపోతే దారి సాగదు, భయం పెరుగుతుంది. మొదటి రెండు వంతుల్లో పెద్ద కత్తులకు ఎగబడకుండా చేతిలోకి కార్డులు తెచ్చుకునే చిన్న కార్డులు ఆడాలి. సేటుకు ఇది చెప్పకుండానే అర్థమైంది. ఇన్‌చార్జికి చెప్పినా అర్థం కాలేదు. ఆయన ఖడ్గవీరుడు ప్రతిసారీ మొదటి వంతులోనే దూకేవాడు, మూడో వంతుకల్లా గాయాలతో పడుకునేవాడు. అప్పుడు ఆయన పక్కనున్న భార్య చేతిలోకి తొంగిచూసేవాడు.

"నీ దగ్గర ఏమున్నయ్, సూపెట్టు. గదేంది, మూలికల సంచి ఉంది గదా. నా వీరునికి కట్టు."

"అది దాచిపెట్టుకున్న..."

"దాచిపెట్టుకుని ఏం జేస్తవ్? ఇటియ్యి."

చేతిలోని కార్డులు ఇంకొకరికి చూపకూడదని రూల్సు పుస్తకంలో ఉంది. నా రెండో పేజీలోనూ ఉంది. మాట్లాడుకోవచ్చు, చూపించకూడదు. ఆయన చూడటంతో ఆగేవాడు కాదు. భార్య వేళ్ళ మధ్య నుంచి కార్డు లాగి బల్ల మీద తానే పెట్టేవాడు. అంటే ఆయన రెండు వంతులు ఆడేవాడు, ఆమె ఒక్కటీ ఆడేది కాదు. బడిలో నలభైమంది పిల్లలకు భిన్నాలు నేర్పే మనిషి కార్డుల స్టాండులా కూర్చునేది.

పద్ధతి తప్పితే ఫ్యాక్టరీలో ఏం చేస్తామో నేనూ అదే చేశాను. ఏం జరిగింది, ఎందుకు జరిగింది, బాధ్యులెవరు, మళ్ళీ జరగకుండా ఏం చేయాలి అని ఆటల నోటుపుస్తకం వెనక పేజీల్లో మూడుసార్లు రాశాను. మూడుసార్లూ ఆయనకు చదివి వినిపించాను. మొదటిసారి ఆవలించాడు. రెండోసారి ఫోను చూసుకున్నాడు. మూడోసారి "మొగుడు పెండ్లాల మధ్యల మీకెందుకు మేడం" అన్నాడు. బల్ల నాది, కుర్చీలు నావి, టీ నేను పెట్టిందే. ఆ మాట కూడా నేను మరిచిపోలేదు.

ఎనిమిదో అధ్యాయం వరుసగా ఐదు ఆదివారాలు ఓడిపోయాం. ఐదుసార్లూ కారణం ఒకటే. మూలికల సంచి తొందరగా అయిపోయేది, చివర్లో కోట తలుపు దగ్గర గాయాలు మాన్పే దిక్కు ఉండేది కాదు. ఐదో ఓటమి తర్వాత టీచరమ్మ గ్లాసులు లోపలికి తేవడానికి నా వెంట వంటింట్లోకి వచ్చింది.

"ఒక్కసారి నా కార్డులు నేను ఆడుకుంటే సాలక్కా" అంది, కుళాయి కింద గ్లాసు తిప్పుతూ. "ఓడిపోయినా మంచిదే. ఏం తప్పు జేసిన్నో నాకు తెలుస్తది. ఇప్పుడైతే తప్పు గూడ నాది కాదు."

ఆ తర్వాతి ఆదివారం ఆమెను బల్లకు అవతలి వైపు, సేటు పక్కన కూర్చోబెట్టాను. ఇన్‌చార్జికి చెయ్యి అందనంత దూరంలో. పేర్చే పని ఆయనకు ఇచ్చాను. పని చేతిలో ఉంటే నోరు తగ్గుతుందనుకున్నాను. నోరు తగ్గలేదు, పనీ జరగలేదు. నేను టీ వడపోసి వచ్చేసరికి కాగితం మీద "చేసినవారు" గడి కింద తొమ్మిది వరసల్లోనూ సంతకం ఉంది. కార్డులు ఇంకా సగం పెట్టెలోనే ఉన్నాయి.

"ముందే పెట్టేశారేం?"

"టైం కలిసొస్తదని. చేసేటోణ్ని నేనే గదా."

ఆడిట్ వస్తోందంటే ప్రొడక్షన్ వాళ్ళు చేసేది ఇదే. సంతకం ముందు, పని తర్వాత, ఓపిక ఉంటే. నేను అప్పుడే కట్ట మొత్తం విప్పించి చూడాల్సింది. కానీ "ఇగ షురూ జేద్దాం మేడం, సేటు దుకాణానికి పోవాలంట" అని ఆయన కట్టను బల్ల మధ్యలో పెట్టేశాడు. నేను ఆట అయ్యాక రెండో సంతకం పెడతానని కాగితాన్ని పక్కన పెట్టాను. అది నా తప్పే. ఆయన తప్పుతో పోలిస్తే చిన్నది.

ఆ రోజు ఆట బాగా సాగింది. టీచరమ్మ ఐదు వంతులపాటు మూలికల సంచి బయటికి తీయలేదు. మొగుడు అటునుంచి "సంచి ఉందా? సంచి ఉందా?" అని అడుగుతూనే ఉన్నాడు. ఆమె వినబడనట్టు తన పాత్ర అయిన వైద్యురాలిని ప్రయాణానికి పంపుతూనే ఉంది. ఆరో వంతులో కోట తలుపు బయటపడింది. భయం నలభై రెండు. సేటు ఆపదల కట్టలోంచి నాలుగో కార్డు తిరగేసి, "గిదేంది?" అన్నాడు.

బురద రాక్షసి. ఏడో అధ్యాయం బురదనేలలో ఉండాల్సింది. పోయిన అధ్యాయం కార్డులు తీసేశానని ఇన్‌చార్జి సంతకం పెట్టిన రెండో వరస అదే. కోటలో బురద ఎక్కడిదని ఎవరైనా అడగాలి. ఆయన అడగలేదు.

"ఒక్క కార్డే గదా, కానియ్యిండ్రి" అన్నాడు.

ఆ రాక్షసి అందరికంటే ఎక్కువ గాయాలున్న వీరుడిని పట్టుకుంటుంది. ప్రయాణాల్లో దెబ్బలు తిన్నది వైద్యురాలే.

"ఈ ఆట చెల్లదు. పేర్చడం తప్పు" అన్నాను. "మళ్ళీ మొదటినుంచి."

"ఏయ్, ఆ వైద్యురాలిని వదిలెయ్" అన్నాడు ఆయన భార్యతో. "సంచి తీసి నా వీరునికియ్యి. నేను గెలిపిస్త."

"వద్దమ్మా, ఏమీ ఆడకు. కార్డులు కింద పెట్టు" అన్నాను నేను.

ఆమె తల ఎత్తలేదు. "ఇద్దరు జెర సప్పుడు జెయ్యకుండ్రి" అంది.

ఇద్దరు అంది. నన్నూ ఆయన్నీ ఒకే గాటన కట్టింది. నేను ఆమె కోసం మూడు ఫిర్యాదులు రాశాను, ఆయన ఆమె కార్డులు లాక్కున్నాడు. అది నాకు తగిలింది, ఇప్పటికీ తగులుతూనే ఉంది. నేను నోరు మూసుకున్నాను.

ఆమె వేలితో లెక్కపెట్టుకుంది. తర్వాత మూలికల సంచి తీసి సేటు విలుకాడికి ఇచ్చింది. మా ముగ్గురిలో ఎవరికీ తట్టని మనిషికి. మానిన గాయాలతో విలుకాడు కాపలాకు నిలబడ్డాడు. వైద్యురాలిని మాత్రం, రాక్షసి పట్టులో ఉండగానే, ప్రయాణానికి పంపింది. తలుపు దాటడానికి కావలసిన బలం సరిగ్గా సరిపోయింది. భయం నలభై తొమ్మిది దగ్గర ఆగింది. రాక్షసి దెబ్బకు వైద్యురాలు పోయింది. కోట మాదైంది.

సేటు, "అబ్బ, టీచరమ్మా, సంచి నాకిస్తవని కలల గూడ అనుకోలే" అన్నాడు.

"నేను జెప్పిందే చేసింది" అన్నాడు ఇన్‌చార్జి. "వైద్యురాలిని వదిలెయ్ అన్న గదా."

"మీరు వదిలెయ్ అన్నరు" అంది ఆమె. "నేను పంపిన." వైద్యురాలి కార్డును తన చేత్తోనే తీసి పెట్టెలో పెట్టింది. తర్వాత నోటుపుస్తకం నా వైపు జరిపింది. నా నియమం ఆమెకు తెలుసు. నాలుగో అధ్యాయంలో నేనేం చేశానో కూడా తెలుసు. నా పెన్ను వైపు చూస్తూ కూర్చుంది.

ఆ మనిషి తప్పు ఇంత శుభ్రంగా, సంతకంతో సహా, నాకు ఎప్పుడూ దొరకలేదు. రాక్షసి కార్డు బల్ల మీదే ఉంది. రెండు వాక్యాలు రాస్తే చాలు. కానీ అవి రాస్తే ఆట పోతుంది. ఆట పోతే వచ్చే ఆదివారం మళ్ళీ మొదటి వంతు, మళ్ళీ ఆయన కుర్చీ ఆమె పక్కకు జరగడం.

పుస్తకంలో "ఎనిమిదో అధ్యాయం, గెలుపు" అని రాశాను. కాగితం తీసి "చూసినవారు" గడి కింద తొమ్మిది సంతకాలు పెట్టాను, రెండో వరసతో సహా. ఇన్నేళ్ళ ఉద్యోగంలో చూడనిదానికి సంతకం పెట్టలేదు. చూసి, తప్పని తెలిసి పెట్టడం అసలే లేదు.

మొన్న లిఫ్టులో ఆ దంపతులు, కింది ఫ్లాటు ఆయన ఒకరు, నేను ఉన్నాం. కింది ఫ్లాటాయన ఆట సంగతి ఏమైందని అడిగాడు.

"లాస్టు ఆట నేనే పేర్చిన" అన్నాడు ఇన్‌చార్జి. "ఒక్క తప్పు రాలే. అడుగుండ్రి, మేడమే సంతకం పెట్టిండ్రు."

టీచరమ్మ నా వైపు చూసింది. కింది ఫ్లాటాయన కూడా చూశాడు. అవునన్నాను.